చెరువుని చంపింది ఫ్యాక్టరీనా, మనమా? ఇరవై రెండేళ్ళుగా నీళ్ళ శాంపిళ్ళు తీస్తున్నవాడి జవాబు

మీరు రాసింది పొడుగ్గా ఉంది కాబట్టి నాకు అర్థమైంది ముందు చెప్తా, తేడా ఉంటే సరిచేయండి. హైదరాబాద్ శివార్లలో మీ కాలనీ వెనక చెరువు. మీ నాన్నగారు ఈత కొట్టిన చెరువే, ఇప్పుడు నీళ్ళు పచ్చగా అయిపోయి సాయంత్రం అయితే కిటికీలు తీయలేని కంపు. మొన్న మొదటి వాన పడిన మర్నాడు పొద్దున్నే చేపలు తెల్లగా తేలాయి. వాట్సాప్ గ్రూపులో సగం మంది పైనున్న ఫ్యాక్టరీ వదిలిందని, మిగతా సగం మన డ్రైనేజీయేనని కొట్టుకుంటున్నారు. అసలు నదులూ చెరువులూ పాడవడానికి కారణాలేంటి, వాటిలో ఏది పెద్దది, మా చెరువు సంగతి ఎలా తేల్చుకోవాలి అని అడిగారు.

నేను ఇరవై రెండేళ్ళుగా నీళ్ళ పరీక్షల్లోనే ఉన్నా. మొదటి తొమ్మిదేళ్ళు బకెట్టు, తాడు, ఐస్ బాక్సు పట్టుకుని నాలాల వెంట తిరిగే పని, ఆ తర్వాత ల్యాబ్ లోపల. కాబట్టి పుస్తకంలో ఉన్న వరస కాకుండా నేను చూసిన వరసలో చెప్తా.

సూటిగా చెప్పాలంటే: ఎంత కలుస్తోంది అని చూస్తే మన ఇళ్ళ మురుగే మొదటి ముద్దాయి, దగ్గరలో రెండోది లేదు. ఎంత విషం అని చూస్తే ఫ్యాక్టరీ. ఈ రెండూ వేరు వేరు జబ్బులు. ఒకటి నీళ్ళకి ఊపిరాడకుండా చేస్తుంది, ఇంకోటి నీళ్ళలో, అడుగు బురదలో, చేప ఒంట్లో చేరి కూర్చుంటుంది. మీ చెరువులో వాన మర్నాడు చేపలు చచ్చిన పద్ధతి చూస్తే నాకు మొదటి జబ్బులాగే ఉంది, ఎందుకో కింద చెప్తా. అయితే మొదటిది ఉంది కాబట్టి రెండోది లేదని కాదు, చాలా చెరువుల్లో రెండూ ఉంటాయి.

ఊపిరి సంగతి ముందు. నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ ఉంటుంది, మా వాళ్ళూ ఆక్వా రైతులూ కూడా డీఓ అంటారు. మన ఎండలకి, 30 డిగ్రీల దగ్గర, ఎంత మంచి నీళ్ళైనా గాలి నుంచి లీటరుకి ఏడున్నర మిల్లీగ్రాములకి మించి కరగదు. అంటే మొదటి నుంచీ చాలా చిన్న జీతం. చేపలకి 5 ఉంటే హాయి, 2 కిందకి వస్తే ప్రాణం మీదకి. ఇప్పుడు ఇందులో మురుగు పోశామనుకోండి, మురుగులో ఉన్నది ఏంటి, మలం, అన్నం మెతుకులు, సబ్బు, నూనె, ఇవన్నీ బ్యాక్టీరియాకి తిండి. అవి తిని పెరుగుతాయి, తినడానికి ఆక్సిజన్ వాడుకుంటాయి. ఎంత వాడుకుంటాయో కొలిచేదే బీఓడీ. పచ్చి మురుగు బీఓడీ మన దగ్గర లీటరుకి 250 మిల్లీగ్రాములు అటూ ఇటూ. స్నానానికి పనికొచ్చే నది నీళ్ళంటే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కలో బీఓడీ 3 దాటకూడదు. అంటే ఒక బిందె మురుగు ఆ లెక్కకి రావాలంటే ఎనభై బిందెల పైనే శుభ్రమైన నీళ్ళు కలపాలి. అన్ని బిందెలు మన నాలాల్లో ఎక్కడున్నాయి?

ఇంకో లెక్క చెప్తా, నేను కొత్తగా చేరిన పిల్లలకి ఇదే చెప్తాను. ఒక మనిషి రోజుకి 27 గ్రాముల బీఓడీ వదులుతాడని డిజైన్ చేసేవాళ్ళు లెక్క వేసుకుంటారు. వెయ్యి ఫ్లాట్ల గేటెడ్ కమ్యూనిటీ, ఫ్లాటుకి నలుగురు, మొత్తం 108 కిలోలు. లీటరుకి ఏడున్నర మిల్లీగ్రాములున్న నీళ్ళలో అంత ఆక్సిజన్ కావాలంటే కోటీ నలభై నాలుగు లక్షల లీటర్లు కావాలి. మీటరు లోతున్న మూడున్నర ఎకరాల చెరువు. ఒక్క కమ్యూనిటీ, ఒక్కరోజు మురుగు, మూడున్నర ఎకరాల చెరువు ఊపిరి మొత్తం. గాలి నుంచి మళ్ళీ కొంత కరుగుతుంది, బ్యాక్టీరియా కూడా అంతా ఒక్క పూటలో తినెయ్యదు, కాబట్టి చెరువు ఆ రోజే చావదు. కానీ మురుగు ఆ ఒక్క రోజుతో ఆగదు కదా.

దేశం మొత్తం మీద చూస్తే, 2020-21 లెక్కల్లో మన పట్టణాల మురుగు రోజుకి 72,368 మిలియన్ లీటర్లు. అందులో నిజంగా శుద్ధి అయింది 20,236. అంటే నూటికి 28. మిగతాది ఎటు పోయింది అని ఎవరైనా అడిగితే పల్లం ఎటుంటే అటు అని చెప్పండి. పల్లం చివర్లో ఏదో ఒక చెరువో నదో ఉంటుంది.

మూసీనే తీసుకోండి. వికారాబాద్ అనంతగిరి కొండల్లో పుడుతుంది, అక్కడ చూసినవాళ్ళు ఇది మూసీ అంటే నమ్మరు. 1908 వరద తర్వాత ఊరిని కాపాడటానికి గండిపేట (1920), హిమాయత్ సాగర్ (1927) జలాశయాలు కట్టారు. కట్టింది మంచికే, దశాబ్దాల పాటు ఊరికి నీళ్ళిచ్చాయి. కానీ దాని వల్ల జరిగిన ఇంకో సంగతి ఎవరూ చెప్పరు, గేట్లు ఎత్తిన ఆ కొద్ది రోజులు తప్ప కింద నదికి సొంత నీళ్ళు లేవు. బాపూఘాట్ దాటాక ఎండాకాలంలో మీరు చూసే ప్రవాహం దాదాపు అంతా మన బాత్రూముల నుంచి వచ్చిందే, కృష్ణా నుంచీ గోదావరి నుంచీ పంపులతో తెచ్చుకుని, వాడుకుని వదిలింది. నన్నడిగితే కాలుష్యానికి కారణాల లిస్టులో నీళ్ళు లేకపోవడం కూడా రాయాలి. అదే మురుగు నిండుగా పారే నదిలో కలిస్తే కనపడదు, ఎండిన నదిలో కలిస్తే అదే నది అవుతుంది.

మూసీ మీద ఊరు దాటాక కత్వలు ఉంటాయి, నల్గొండ వైపు వాళ్ళకి తెలుసు, నది కి అడ్డంగా చిన్న చిన్న ఆనకట్టలు. ఒకసారి జనవరిలో పొద్దున్నే ఒక కత్వ కింద శాంపిల్ తీస్తున్నా, నీళ్ళు దూకే చోట నురగ నడుం ఎత్తు లేచి గాలికి ముక్కలు ముక్కలుగా ఎగిరి పక్కనున్న పారాగడ్డి మడి మీద పడుతోంది. గడ్డి కోస్తున్నామె మొహం మీద పడ్డ నురగని కొంగుతో తుడుచుకుని మళ్ళీ కోసుకుంటోంది, నేను గ్లౌజులు వేసుకుని నిలబడ్డా. ఆ నురగ చాలావరకు మన డిటర్జెంటు. తమాషా ఏంటంటే ఆ కత్వల వల్లే నీళ్ళు బాగుపడతాయి కూడా. కత్వ వెనక నిలబడినప్పుడు మడ్డి దిగుతుంది, దూకేటప్పుడు గాలి కలుస్తుంది, ఒక్కో కత్వ దాటే కొద్దీ బీఓడీ తగ్గుతూ పోతుంది, ముప్పై నలభై కిలోమీటర్లు కిందకి పోతే నీళ్ళు చూడ్డానికి నీళ్ళలా ఉంటాయి. తగ్గనిది ఉప్పు. కరిగిన లవణాలని ఏ బ్యాక్టీరియా తినదు, పైగా పొలాల్లోంచి వడిసి తిరిగొచ్చే నీళ్ళతో ఇంకా పెరుగుతాయి.

ఇక ఫ్యాక్టరీల సంగతి. ఇక్కడ మన రాష్ట్రంలోనే ప్రపంచం మొత్తం చదువుకున్న కేసు ఉంది కాబట్టి బయటి ఉదాహరణ అక్కర్లేదు. పటాన్‌చెరు. డెబ్భైల నుంచి అక్కడ పరిశ్రమలు వచ్చాయి, వాటిలో మందుల ముడిసరుకు చేసే బల్క్ డ్రగ్ కంపెనీలు బోలెడు. వ్యర్థాలు నక్కవాగు పట్టుకుని మంజీరాలోకి పోయేవి. 1990లో సుప్రీంకోర్టు దాకా పోయిన కేసు అది. అందరి నీళ్ళూ ట్యాంకర్లలో తెచ్చి ఒకేచోట శుద్ధి చేద్దామని 1994 ప్రాంతంలో ఉమ్మడి ప్లాంటు పెట్టారు. 2007లో స్వీడన్‌కి చెందిన యోకిమ్ లార్సన్ బృందం ఆ ప్లాంటులో శుద్ధి అయ్యి బయటికొచ్చిన నీళ్ళు పరీక్షిస్తే, సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. రోజుకి 45 కిలోల మందు వాగులోకి పోతోందని లెక్క కట్టారు.

ఇది చదివిన వెంటనే ఫ్యాక్టరీలే పెద్ద దొంగలు కదా అంటారు. ఆగండి. ఆ ప్లాంటు నుంచి అప్పట్లో వచ్చిన నీళ్ళు మొత్తం రోజుకి ఒకటిన్నర మిలియన్ లీటర్లే, ఊరి మురుగుతో పోలిస్తే చారులో చెంచా. కానీ ఆ చెంచాలో ఉన్నది మురుగులో ఉండదు. ద్రావకాలు, లోహాలు, లవణాలు, మందులు. మురుగు ఆగిపోతే నది కొన్నాళ్ళకి తేరుకుంటుంది, ఇవి బురదలో దిగితే మీ మనవల దాకా ఉంటాయి. పైగా మందు తిని బతకడం నేర్చుకున్న బ్యాక్టీరియా అక్కడే పుడుతుంది.

ఆ తర్వాత ఏం చేశారు? పటాన్‌చెరు నుంచి 18 కిలోమీటర్ల పైప్‌లైను వేసి, ఊరి మురుగులో కలిపి, అంబర్‌పేట ఎస్టీపీకి, అంటే మురుగు శుద్ధి ప్లాంటుకి, పంపారు. కాగితం మీద బాగుంటుంది. మంజీరా గోదావరిలో కలుస్తుంది, మూసీ కృష్ణాలో కలుస్తుంది, అంటే గోదావరి జబ్బుని కొంత తీసుకొచ్చి కృష్ణా చేతిలో పెట్టినట్టు. ఇళ్ళ మురుగు కోసం కట్టిన ఎస్టీపీలో ఉండే సూక్ష్మజీవులు మలాన్ని తింటాయి గానీ మందుల్ని, లోహాల్ని ఏం చేస్తాయి? చాలామంది ఇంజినీర్లకి కూడా తెలియని తేడా ఇది: మళ్ళించడం వేరు, శుద్ధి చేయడం వేరు. హుస్సేన్ సాగర్‌కి పికెట్, కూకట్‌పల్లి, బంజారా, బల్కాపూర్ అని నాలుగు నాలాలు వస్తాయి. అక్కడ కూడా మురుగుని పట్టి కిందకి మళ్ళించారు. వానలు లేని రోజుల్లో పనిచేస్తుంది, గట్టి వాన పడితే ఆ అడ్డు దాటుకుని అంతా సాగర్‌లోకే.

ఫ్యాక్టరీ విషయంలో నా అనుభవం ఒకటి. ఒక పారిశ్రామికవాడ కింద నాలాలో పగలు ఎప్పుడు తీసినా కరిగిన లవణాలు లీటరుకి పన్నెండు పదమూడు వందల మిల్లీగ్రాములు ఉండేవి, మురుగు నాలాకి అది మామూలే. ఒక వానాకాలం రాత్రి ఒంటిగంటకి జోరు వానలో పోయి తీశాం. వానకి నీళ్ళు పలచబడి సంఖ్య తగ్గాలి కదా, ఏడువేలు దాటింది, ముక్కుకి నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన. వాన పడితే ఎవరికీ కనపడదని దాచిపెట్టింది వదిలేస్తారు. పేరు చెప్పను, ఒక్కరే కాదు కాబట్టి.

అయితే దొంగతనం ఫ్యాక్టరీకే రాసిపెట్టి లేదు. ఇంకో చెరువు దగ్గర మూడు నెలలు తల పట్టుకున్నాం, పగలు ఇన్లెట్ నీళ్ళు బాగుండేవి, చెరువు మాత్రం రోజురోజుకీ చెడిపోతోంది. చివరికి పక్క స్థలం వాచ్‌మన్ చెప్పాడు, "రాత్రి పదకొండు దాటితే ఆ మిషన్ల సౌండు రాదు సార్" అని. పక్కనున్న అపార్ట్‌మెంట్ల ఎస్టీపీలో గాలి కొట్టే బ్లోయర్లు రాత్రిపూట ఆపేస్తున్నారు, కరెంటు బిల్లు మిగుల్చుకోవడానికి. గాలి లేకపోతే ఆ ట్యాంకులో పనిచేసే బ్యాక్టీరియా చస్తుంది, మురుగు మురుగులాగే బయటికొస్తుంది. మీ అపార్ట్‌మెంటులో ఎస్టీపీ ఉంటే ఒకసారి మూత తీసి చూడండి, గాలి కొట్టే ట్యాంకులో నీళ్ళు చాక్లెట్ రంగులో ఉండి మట్టివాసన రావాలి. నల్లగా ఉండి కుళ్ళిన గుడ్ల వాసన వస్తే మీ మెయింటెనెన్స్ డబ్బులు ఎటో పోతున్నాయి. ఆ కమిటీ వాళ్ళే ఎదురుగా ఉన్న ఫ్యాక్టరీ మీద ధర్నా చేసినవాళ్ళు, అది వేరే కథ.

ఇంకా సెప్టిక్ ట్యాంకర్లు. డ్రైనేజీ లైను లేని కాలనీల్లో ట్యాంకు నిండితే ట్యాంకర్ పిలుస్తారు, అతను తీసుకెళ్ళి ఎక్కడ పోస్తాడో ఎవరూ అడగరు. అర్ధరాత్రి దగ్గర్లో ఉన్న నాలాలో. అది మామూలు మురుగు కాదు, నెలల తరబడి చిక్కబడ్డది, మురుగుకంటే ఎన్నో రెట్లు ఘాటు. ట్యాంకర్ వాడిని తిట్టే ముందు, సరైన చోట పోయాలంటే ఎంత దూరం పోవాలో, ఎన్ని గంటలు లైన్లో నిలబడాలో కూడా చూడాలి.

పొలాల సంగతి నగరం వాళ్ళు మర్చిపోతారు. యూరియా, డీఏపీ వేసిన దాంట్లో పంట తిన్నది పోను మిగిలింది వానకి కొట్టుకొస్తుంది. నత్రజని నీళ్ళతో, భాస్వరం మట్టిరేణువులకి అంటుకుని. చెరువులోకి వస్తే పొలంలో చేసిన పనే చేస్తాయి, కాకపోతే వరికి బదులు పాచికి, గుర్రపుడెక్కకి. ఇది పైపులో వచ్చేది కాదు కాబట్టి ఎవరినీ పట్టుకోలేం, అందుకే ఇది అన్నిటికంటే మొండిది. కొల్లేరు చూడండి. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య గిన్నెలా ఉంటుంది, బుడమేరు, తమ్మిలేరు, పొలాల డ్రెయిన్లు అన్నీ అందులోకే, బయటికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. పొలాల మందులు, ఎరువులు, ఊళ్ళ మురుగు, చేపల చెరువుల నుంచి వదిలే మేత కుళ్ళిన నీళ్ళు, అన్నీ కలిశాయి. 2002లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలగా రాంసర్ గుర్తింపు వచ్చింది, 2006లో ఆపరేషన్ కొల్లేరు అని అక్కడి చేపల చెరువుల గట్లు పేల్చారు. అక్కడ ఫ్యాక్టరీయే అసలు కారణం అని ఎవరూ అనలేరు.

వినాయక విగ్రహాల గురించి ప్రతిసారీ అడుగుతారు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కరగదు, రంగుల్లో సీసం లాంటివి ఉంటాయి, మంచిది కాదు, నిజమే. కానీ ఏడాదిలో పది రోజుల విగ్రహాల మీద పెట్టే శ్రద్ధలో పదోవంతు మిగతా 355 రోజుల నాలా మీద పెడితే బాగుండు. ప్లాస్టిక్, చెత్త కూడా అంతే, కంటికి బాగా కనపడుతుంది కాబట్టి ఫొటోలు అవే వస్తాయి. చేపని చంపేది ఫొటోలో కనపడదు. ఇంకొకటి, నల్గొండ ఫ్లోరైడ్‌ని కూడా కొందరు ఈ లెక్కలో కలుపుతారు, అది రాళ్ళలోంచి భూగర్భ జలంలోకి వచ్చేది, ఎవరో కలిపింది కాదు.

ఇప్పుడు మీ చేపల దగ్గరికి వద్దాం. పచ్చగా ఉంది అంటే పాచి బాగా పట్టింది. పాచి పగలు ఎండలో ఆక్సిజన్ ఇస్తుంది, మధ్యాహ్నం మీటరు పెడితే 12, 14 కూడా చూపిస్తుంది, చెరువు ఎంత ఆరోగ్యంగా ఉందో అనుకుంటారు. రాత్రి అదే పాచి ఆక్సిజన్ పీల్చుకుంటుంది. తెల్లవారుజామున నాలుగైదు గంటలకి సున్నా దగ్గర. మబ్బు పట్టిన రోజు పగలు చేసుకున్నదే తక్కువ, దానికి తోడు మొదటి వాన ఎండాకాలం అంతా నాలాలో పేరుకున్న కుళ్ళునంతా ఒక్కసారి ఊడ్చుకుని వచ్చింది, అడుగు బురద కదిలింది. ఆ రాత్రి చెరువుకి ఊపిరి ఆగింది. మీరు పెట్టిన ఫొటోలో అన్నీ పెద్ద పెద్ద బొచ్చెలు, రవ్వలే ఉన్నాయి, ఊపిరాడక చచ్చేటప్పుడు ముందు పోయేవి పెద్దవే. ఒక్క కొర్రమీను కనపడలేదు. కొర్రమీను, మార్పు లాంటి చేపలు నీళ్ళపైకొచ్చి గాలి పీల్చుకోగలవు, అందుకే ఆక్సిజన్ పడిపోయినా బతుకుతాయి. విషం అయితే చాలాసార్లు చిన్నా పెద్దా, కొర్రమీనూ, పీతా, నత్తా, కప్పా అన్నీ పోతాయి, తెల్లవారుజామునే అని ముహూర్తం చూసుకోదు. మీ దగ్గర చేపలు పట్టే సొసైటీ వాళ్ళుంటారు, వాళ్ళని అడగండి, ముందురోజు రాత్రి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచాయా అని. నాకంటే వాళ్ళు బాగా చెప్తారు.

ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నదే. ఉద్యోగంలో మూడో ఏడాది, ఒక చెరువులో చేపలు చస్తే మధ్యాహ్నం రెండింటికి పోయి డీఓ తీశా, 9 వచ్చింది. ఆక్సిజన్ బాగానే ఉంది కాబట్టి విషమే అని రాసిచ్చేశా, ఊళ్ళో వాళ్ళు దాన్ని పట్టుకుని ఒక ఫ్యాక్టరీ గేటు ముందు రెండు రోజులు కూర్చున్నారు. మా సీనియర్ నన్ను మళ్ళీ తెల్లవారుజామున నాలుగున్నరకి తీసుకెళ్ళాడు. శాంపిల్ సీసాలో రెండు మందులు పోసి తిప్పితే ఆక్సిజన్ ఉంటే ఇటుకరంగు మడ్డి, లేకపోతే తెల్ల మడ్డి దిగుతుంది. టార్చిలైట్ వెలుగులో చూస్తే సీసాలో పాలు విరిగినట్టు తెల్లగా. ఆయన ఏమీ అనలేదు, సీసా నా చేతికిచ్చి సిగరెట్ వెలిగించుకున్నాడు. అప్పటి నుంచి ఏ చెరువైనా సరే తెల్లవారుజాము రీడింగ్ లేకుండా మాట్లాడను.

మీరు చేయగలిగింది. చెరువు మధ్యలో నీళ్ళు తీసుకుని ల్యాబ్‌కి పరుగెత్తొద్దు, అక్కడ అన్నీ కలిసిపోయి ఉంటాయి. గట్టు చుట్టూ నడిచి ఎన్ని చోట్ల నీళ్ళు లోపలికి వస్తున్నాయో చూడండి, మోరీలు, పైపులు, పైచెరువు అలుగు, అన్నీ. మన చెరువులు గొలుసుకట్టువి, మీ చెరువు జబ్బు మూడు చెరువుల పైన మొదలై ఉండొచ్చు. ఇంట్లో ఆర్‌ఓ ఫిల్టర్ బాగుచేసేవాడు తెచ్చే టీడీఎస్ పెన్ను ఉంటుంది కదా, నీళ్ళలో కరిగిన లవణాలు ఎంతో చూపించేది, మూడు నాలుగు వందలకి దొరుకుతుంది, ఒక్కో ఇన్లెట్లో పొద్దున, రాత్రి, వానలో పెట్టి నోట్‌బుక్‌లో రాయండి. రెండు వారాలు చాలు. మీ ఇళ్ళ నీళ్ళకంటే కొన్ని వందలు ఎక్కువుంటే మురుగు, ఉన్నట్టుండి వేలల్లోకి ఎగిరితే ఇంకేదో ఉంది. అప్పుడు ఆ ఒక్కచోట, ఆ టైముకి శాంపిల్ తీయించి బీఓడీతో పాటు సీఓడీ కూడా అడగండి, అంటే బ్యాక్టీరియా తినలేనిది కూడా కలిపి రసాయనంతో కరిగించడానికి ఎంత ఆక్సిజన్ పడుతుందో ఆ లెక్క. ఇళ్ళ మురుగులో సీఓడీ, బీఓడీకి రెట్టింపు, రెట్టింపు పైన కొంచెం ఉంటుంది. నాలుగైదు రెట్లు పైన వస్తే బ్యాక్టీరియా తినలేనిది ఏదో కలిసిందని, అప్పుడు లోహాల పరీక్షకి డబ్బు పెట్టండి. ముందే అన్ని పరీక్షలూ చేయించేసి రిపోర్టు అర్థం కాక నా దగ్గరికి తెచ్చేవాళ్ళు వారానికి ఇద్దరు ఉంటారు.

ఒక ముఖ్యమైన సంగతి, మీరు సొంతంగా తీసిన శాంపిల్‌తో నీటి చట్టం కింద ఎవరి మీదా కేసు నిలబడదు. 1974 నాటి నీటి చట్టంలో 21వ సెక్షన్ ప్రకారం కాలుష్య మండలి అధికారి నోటీసిచ్చి, యజమాని ఎదురుగా తీసి, రెండు భాగాలు చేసి సీలు వేసిందే లెక్క. మీ నోట్‌బుక్ దేనికంటే, ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏ మోరీ దగ్గరికి రావాలో వాళ్ళకి చెప్పడానికి. "చెరువు పాడైంది" అని రాస్తే ఫైలు తిరుగుతుంది. "మంగళవారం, శుక్రవారం రాత్రి పన్నెండు తర్వాత ఈ పైపులో" అని రాస్తే మనిషి వస్తాడు. మన దగ్గర ఇలా రెండుసార్లు వచ్చారు, నేను చూశాను.

గుర్రపుడెక్క తీయించి, ఫౌంటెన్ పెట్టించి, ఏదో ఎంజైమ్ పొడి చల్లిస్తే బాగుపడుతుందని ఎవరైనా కార్పొరేటర్ దగ్గరికి వస్తే లోపలికి వచ్చే మురుగు ఎంత అని ఒక్క ప్రశ్న అడగండి. అది ఆపకుండా చేసేవన్నీ రంగులే. ఆపాక కూడా వెంటనే తేరుకోదు, అడుగు బురదలో ఏళ్ళ తరబడి దిగిన భాస్వరం ఆక్సిజన్ లేనప్పుడు మళ్ళీ పైకి కరుగుతూ పాచిని మేపుతూనే ఉంటుంది. పూడిక తీయాలా వద్దా అన్నది బురద పరీక్షించాకే చెప్పాలి, లోహాలున్న బురద తీసి పొలాల్లో పోస్తే చెరువు జబ్బు పొలానికి పోతుంది.

తేలిన చేపల్ని ఎవరో ఏరుకుని మార్కెట్‌కి తీసుకెళ్ళారని రాశారు, ఆ పని మాత్రం ఆపించండి. ఎందుకు చచ్చిందో తేలకుండా చచ్చిన చేప తినకూడదు, అంతే.

గట్టు మీద తిరిగినప్పుడు ప్రతి ఇన్లెట్‌కి ఒక ఫొటో, గూగుల్ మ్యాప్‌లో చెరువు బొమ్మ మీద అవి ఎక్కడెక్కడో గుర్తుపెట్టి ఇక్కడే పెట్టండి. పైచెరువు పేరు కూడా. వచ్చే వాన లోపు పెడితే మంచిది, ఏ మోరీ దగ్గర ముందు కాపలా కాయాలో చెప్తా.